నెలల్లో వయసు

12 జూన్ 2024, బుధవారం

టీకాల రోజు. సబ్‌సెంటర్ వరండాలో ఓ మూల ఫిజియోకి, అంటే నాకు. చాప పరిచి సామాను పెట్టుకున్నా. ఎర్ర ఊలు ఉండ, గిలక్కాయ, గంట, టార్చిలైటు, అంగుళం చెక్క దిమ్మెలు, చిన్న సీసాలో కిస్మిస్. పసిబిడ్డ ఎదుగుదల చూడటానికి ఇంతకన్నా పెద్ద సరంజామా అక్కర్లేదు.

పదకొండు నెలల పిల్ల. కిస్మిస్‌ని గుప్పిటతో ఊడ్చుకుంటుందా, బొటనవేలూ చూపుడువేలూ కలిపి తీస్తుందా అన్నది చూడాలి. మొదట నా మొహం చూసింది. తర్వాత వాళ్ళమ్మ మొహం. తర్వాత రెండు వేళ్ళతో తీసింది. నోట్లోకి పోకముందే లాగేసుకున్నా. గొంతుకు అడ్డం పడుతుంది. వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చింది.

మధ్యాహ్నానికి సీసా ఖాళీ. సూది పడ్డ పెద్దపిల్లలకు ఆశమ్మ పంచిపెట్టేసింది.

14 జూన్

పై ఆఫీసు నుంచి ఫోన్. చిన్నపిల్లల తొలిదశ సేవలు విస్తరించడానికి ప్రతిపాదన పంపాలి. ఒక్క పేజీ. ఈ నెలాఖరులోపు. ఏం విస్తరించాలని అడిగాను. కొత్త భవనమైతే బాగుంటుందన్నారు.

15 జూన్

అన్నిటికన్నా ఎక్కువగా వినే మాట. "వాళ్ళ నాయన గూడ నాలుగేండ్లకు మాట్లాడిండంట." నాయన పక్కనే నిలబడ్డాడు. అవునన్నట్టు తలూపాడు.

పిల్లాడికి 32 నెలలు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. గోడవతల చిప్స్ ప్యాకెట్ చింపితే తిరుగుతాడు. చెవులు పనిచేస్తున్నట్టే. అయినా పరీక్షకు రాశాను. ఏం కావాలన్నా వాళ్ళమ్మ మణికట్టు పట్టుకుని లాక్కెళ్తాడు. వేలు పెట్టి చూపించడు. ఒక్కసారీ చూపించలేదట. చక్రాలు తిప్పుతూ నేలమీద చెంప ఆనించి చూస్తాడు.

నానమ్మకు కోపం వచ్చింది. "మంచిగున్న పోరనికి పేరు పెడుతున్నరు." నేనింకా ఏ పేరూ పెట్టలేదు. రోజూ ఇంట్లో ఏమేం ఆడించాలో చెప్పి, వచ్చే వారం రమ్మన్నాను.

19 జూన్

అంగన్‌వాడీ గోడకు తిరువనంతపురం చార్టు అంటించాం. డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం తయారుచేసింది, 1991లో అచ్చయింది. రెండేళ్ళలోపు పిల్లలకు 17 అంశాలే. బిడ్డ వయసు నెలల్లో చూసుకుని అక్కడ పెన్సిల్ నిలువుగా పెట్టాలి. పెన్సిల్‌కు ఎడమపక్కన ఉన్న పనుల్లో బిడ్డ చేయలేనిది ఏదైనా ఉంటే పై పరీక్షకు పంపాలి. అంతే.

టీచరమ్మ ఒక్కసారి చూసి పట్టేసింది. రాత్రి ఫోన్ చేసింది. మనవడికి పెట్టి చూసిందట. "అన్నీ దాటిండు మేడం." వెనకనుంచి మనవడి అరుపులు.

26 జూన్

నవజాత శిశు విభాగం డిశ్చార్జి జాబితా తెప్పించుకున్నా. బరువు తక్కువ పుట్టినవాళ్ళు, పుట్టగానే ఏడవనివాళ్ళు, ఫిట్స్ వచ్చినవాళ్ళు, పసికామెర్లు ముదిరినవాళ్ళు. వీళ్ళందర్నీ కనీసం రెండేళ్ళు వచ్చేదాకా కనిపెట్టి ఉండాలి. కూర్చుని ఫోన్లు చేశా.

స్విచాఫ్. స్విచాఫ్. ఎవరో ముసలాయన, నంబరు తనదేనట, బిడ్డ సంగతి తెలియదట. ఆ నంబరు వాడుకలో లేదు. స్విచాఫ్.

ఒకాయన ఎత్తాడు. పూణెలో సెంట్రింగ్ పని. పాలమూరు మనిషి అక్కడ కాకపోతే ఇంకెక్కడుంటాడు. "పాప మంచిగనే ఉంది మేడం. పాలు తాగుతది." మెడ నిలిపిందా అని అడిగా. ఎవర్నో కేకేసి అడిగాడు. వెనక కాంక్రీటు కలిపే మిషన్ చప్పుడు. "ఇంక లేదంట."

పుట్టి ఐదు నెలలు. నెలన్నర ముందే పుట్టింది. ఆ నెలన్నర తీసేసి లెక్క కట్టాలి, మూడున్నర. కంగారు పడేంత లేదు. వదిలేసేంతా లేదు. బోర్లా వేసి ఎదురుగా మొహం పెట్టి మాట్లాడమని పాప తల్లికి చెప్పా. ఊరికి ఎప్పుడొస్తారు అంటే, పీర్ల పండుగకు.

30 జూన్

ప్రతిపాదన రాశాను. భవనం అడగలేదు.

రాసింది ఇది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, అన్నీ కలిపి 30 రకాలు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా. డాక్టర్ల బండి ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి బడికి వెళ్ళాలి. వెతకడం నేర్చుకున్నాం. దొరికిన బిడ్డను జిల్లా కేంద్రానికి రమ్మంటున్నాం. ఆ రెంటికీ మధ్య పిల్లలు జారిపోతున్నారు. మండలానికి వారంలో రెండు రోజులు ఫిజియో, స్పీచ్ మనుషులు వెళ్ళాలి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రాల్లో గదులున్నాయి. అంగన్‌వాడీల్లో చాపలున్నాయి. మనుషులూ, ఒక బండీ కావాలి.

పేజీన్నర అయింది. అక్షరాలు చిన్నవి చేసి ఒక పేజీలో ఇరికించా.

8 జూలై

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ. నెలకోసారి వచ్చే తల్లులు వారం వారం వస్తున్నారు. ఛార్జీలకు ఇంట్లో ఎవర్నీ అడగక్కర్లేదు. థెరపీ కోసం పెట్టిన పథకం కాదు. థెరపీకి ఇంత సాయపడిన పథకం ఇంకోటి నేను చూడలేదు.

సీటు మాత్రం దొరకదు. నాలుగేళ్ళ పిల్లను చంకనెత్తుకుని గంటన్నర నిలబడి వస్తారు. పిల్ల కాళ్ళు ఒకదానిమీదొకటి బిగుసుకుని ఉంటాయి. మొదటి ఇరవై నిమిషాలు ఆ బస్సు బిగుతు వదలగొట్టడానికే సరి.

నీలం గౌను పాపకు ఎడమచెయ్యి స్వాధీనంలో లేదు. అమ్మ జీరో టికెట్లన్నీ తనకే. కుడిచేత్తో చింపుతుంది కాబట్టి ఎడమచేత్తో అదిమి పట్టుకోవాల్సిందే. ఆ కాగితం మరీ పలచన, ఎడమచెయ్యి వదిలితే చిరగదు, జారిపోతుంది. ఈ పని కోసం కొన్న రంగురంగుల బోర్డు ఒకటి బీరువాలో ఉంది. దాని మొహం చూడదు. వీటికోసం బస్సు దిగేదాకా ఆగదట.

11 జూలై

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కంటి వెనక రక్తనాళాలు సరిగా ఎదగక చూపు పోవచ్చు. 34 వారాలకన్నా ముందు పుట్టినా, రెండు కిలోలకన్నా తక్కువున్నా, 30 రోజుల్లోపు కళ్ళ డాక్టరు లోపలిదాకా చూడాలి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ళు దీన్ని "తీస్ దిన్ రోష్నీ కే" అని ఊరూరా చెప్పారు. లేజర్‌తో ఆపొచ్చు. వేళ మించితే ఆపలేం.

ఇవాళ వెళ్ళిన ఇంట్లో బిడ్డకు 24 రోజులు. కిలో నాలుగొందలు. నలభై రోజులు కాకుండా గడప దాటించరట. అమ్మమ్మ, నానమ్మ ఈ ఒక్క విషయంలో ఏకమయ్యారు. అమ్మమ్మ కళ్ళద్దాలు చూసి ఆవిడ ఆపరేషన్ సంగతి అడిగా. శుక్లాలు, గద్వాల క్యాంపులో. ఎట్లా కనబడేది, ఆ తర్వాత ఎట్లా కనబడింది, అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగింది. శనివారం వెళ్తున్నారు. దుప్పటి కప్పి, కాటుక పెట్టి.

17 జూలై

పీర్ల పండుగ. పూణె వాళ్ళు దిగారు. సెంట్రింగ్ పనాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళా. పాపను బోర్లా వేస్తే మెడెత్తి నన్ను చూసింది, మెడ మీద మసీదు దట్టీ తాడు. వాళ్ళమ్మ రోజూ స్నానం ముందు బోర్లా వేసి మాట్లాడిందట. సైటు మీద వేరే ఆడవాళ్ళు నవ్వేవారట, పసిదానికి ఏం తెలుస్తదని.

మూడు రోజుల్లో మళ్ళీ ప్రయాణం. తర్వాతి నాలుగు నెలలకు ఏం చూడాలో బొమ్మలు గీసిచ్చా. చదువు రాదు తనకు. బొమ్మలు చాలు.

24 జూలై

తల్లి పిల్లను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి పాలలో నానిన బిస్కెట్టు గొంతులోకి పోస్తోంది. సెరిబ్రల్ పాల్సీ. నాలుగేళ్ళు, తొమ్మిది కిలోలు. ఏడాదికి ఎన్నిసార్లో నిమ్ము చేసి ఆస్పత్రి. ఆ నిమ్ము ఎక్కడినుంచి వస్తుందో ఆ చెంచా చూస్తే తెలుస్తోంది.

లేపి కూర్చోబెట్టా. గడ్డం కొంచెం కిందికి. చెంచా పైనుంచి కాదు, ఎదురుగా, నాలుక మీద ఆనించి నొక్కాలి. పెదవి మూసేదాకా ఆగాలి. మింగాక రెండోది. పల్చటివి గొంతు తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, చిక్కటివి నిదానంగా దిగుతాయి. ఇంట్లో జొన్న గటక ఉంది. అదే మెత్తగా మెదిపి పెట్టాం. గిన్నెడు తినడానికి నలభై నిమిషాలు. తల్లి నాకేసి చూసింది. ఆవిడకు పొద్దున కూలికి పోవాలి. ఈ నలభై నిమిషాలు రోజుకు మూడుసార్లు.

నానమ్మను పిలిచి ఆవిడ చేత పెట్టించా.

25 జూలై

స్పీచ్ థెరపిస్టు పోస్టు ఇంకా ఖాళీ. మింగడం నేర్పాల్సింది వాళ్ళు.

31 జూలై

చెవుడు ఉందో లేదో చూడటానికి ప్రతి ఇంట్లోనూ పళ్ళెం మీద గరిటెతో కొడతారు. కొట్టే మనిషి నీడ పడుతుంది, నేల అదురుతుంది, బిడ్డ తిరుగుతాడు. వినబడుతుందని అందరూ నిశ్చింతగా ఉంటారు. రెండేళ్ళు పోతాయి.

నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చెవి మిషన్. చాలా దేశాల్లో పెట్టుకున్న లెక్క ఇది. ఇవాళ వచ్చిన బాబుకు మూడేళ్ళ రెండు నెలలు. తెలివిగలవాడు. ఇంట్లో అందరి మొహాలూ చదివేస్తాడు. అందుకే ఎవరూ పట్టుకోలేకపోయారు.

2 ఆగస్టు

తండ్రి ఫోన్లో వీడియో చూపించాడు. ఏడు నెలల బిడ్డ. నిద్ర లేవగానే తల ముందుకు వాలుతుంది, రెండు చేతులూ చాచుకుంటాయి. సెకను. ఆగి మళ్ళీ. మళ్ళీ. వరసగా. కడుపునొప్పి అనుకుని వాము నీళ్ళు పట్టారట. తాయెత్తు కూడా కట్టారు. నెల రోజులుగా నవ్వడం మానేశాడని తల్లి అంది. అదే అసలు గుర్తు.

ఇది ఫిజియో చేసే పని కాదు. ఇవాళే వెళ్ళాలని చెప్పి, మా పిల్లల డాక్టరు చేత ఉత్తరం రాయించి నీలోఫర్ ఆస్పత్రికి పంపాం. ఈ రకం మూర్ఛకు మందు ఎంత త్వరగా పడితే మెదడుకు అంత మేలు. తండ్రికి చెప్పా, ఆ వీడియో ఎట్టి పరిస్థితుల్లోనూ డిలీట్ చేయొద్దని. డాక్టరుకు అన్నిటికన్నా ముందు అదే చూపించమని.

వీడియో తీయాలని అతనికి ఎవరూ చెప్పలేదు. తనకు తోచింది.

11 ఆగస్టు, ఆదివారం

వడ్రంగి ఇంటికి. ఓ పిల్లకు మూల కుర్చీ కోసం. కంపెనీ కుర్చీ ధర పిల్ల ఇంటివాళ్ళకు అందేది కాదు.

కొలతల కాగితం ఇస్తే పక్కన పెట్టాడు. "పిల్లను తీస్కరాండ్రి." తెచ్చారు. మూడేళ్ళు. మెడ నిలుస్తుంది, నడుం నిలవదు. కూర్చోబెడితే కుడిపక్కకు ఒరిగిపోతుంది. తుంటి నుంచి మోకాలి మడత దాకా, మోకాలి నుంచి మడమ దాకా, చంక నుంచి కింది దాకా టేపుతో కొలిచాడు. మళ్ళీ జానతో కొలిచాడు. జాననే నమ్మాడు.

వీపు వెనక రెండు పలకలు మూలమట్టంగా కలవాలి. అప్పుడు భుజాలు ముందుకొస్తాయి. రెండు చేతులూ ఎదురుగా కలుసుకుంటాయి. తొడల మధ్య ఒక గుండ్రటి దిమ్మె, కాళ్ళు బిగుసుకుని దగ్గరకు పోకుండా. ముందొక పలక, గిన్నె జారిపోకుండా అంచుతో. ఇదంతా చెప్పా. దిమ్మె దగ్గర ఆగి ఆలోచించాడు. ఊడదీసేలా చేస్తానన్నాడు, కడుక్కోవాలి గదా. ముందు పలకకు మూడు ఎత్తుల్లో గాడులు పెడతానన్నాడు. "పిల్ల పెరుగుతది గద మేడం." మా సెంటర్లో ఉన్న కంపెనీ కుర్చీకి ఈ గాడులు లేవు.

వేప చెక్క. కూలి సగం ముందు. సగం పిల్ల కూర్చున్నాక.

18 ఆగస్టు

కూర్చుంది. రెండు చేతులూ పలక మీద పెట్టుకుని అటూ ఇటూ చూసింది. ఇంటిని నేలమీద నుంచో చంకలో నుంచో తప్ప చూసి ఎరగదు. చిన్నాన్న కొడుకు పక్కన కూర్చుని అదే గిన్నెలో తినడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల గిన్నె లాక్కుంది. వడ్రంగి మిగతా సగం తీసుకున్నాడు. అతని కొలతలు నోట్‌బుక్కులో గీసుకున్నా.

27 ఆగస్టు

ప్రతిపాదన తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న, "లబ్ధిదారులు ఎంతమంది?"

2018లో అచ్చయిన ఇన్‌క్లెన్ అధ్యయనం తీశా. దేశంలో ఐదు చోట్ల ఇంటింటికీ వెళ్ళి చూశారు. హైదరాబాద్ ఒకటి. రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్లో దాదాపు ఎనిమిది మందికి ఒకరిలో ఏదో ఒక ఇబ్బంది. చూపు, వినికిడి, మాట, మూర్ఛ, ఆటిజం, చదువులో తడబాటు, అన్నీ కలిపి. అదే రాశాను. కింద మా జాబితాలో పేరున్న పిల్లల సంఖ్య రాశాను. రెంటికీ పొంతన లేదు. ఆ ఖాళీని అలాగే వదిలి పంపా.

సాయంత్రం ఒక టీచరమ్మను అడిగా, మీ అంగన్‌వాడీలో అలాంటివాళ్ళు ఎంతమందని. ఎవరూ లేరంది. కాసేపటికి, "మూల కూసునే పాప ఒకతె ఉంది. అల్లరి చెయ్యదు. మంచి పిల్ల." రేపు చూడాలి.

5 సెప్టెంబర్

చిన్నమ్మ కూతురు టెక్సస్ నుంచి ఫోన్. వాళ్ళ బాబుకు 20 నెలలు, మాట రాలేదు. అమెరికాలో 1986లోనే చట్టం వచ్చింది, మూడేళ్ళలోపు పిల్లల కోసం. కబురు అందాక 45 రోజుల్లో ఆ కుటుంబానికి ప్లాన్ రాసివ్వాలి. థెరపిస్టు ఇంటికే వస్తుంది. ఆటబొమ్మల సంచీ తెస్తుందనుకుంటే ఖాళీ చేతులతో వచ్చిందట. వీళ్ళ స్టీలు గ్లాసు, పప్పన్నం, బట్టల బుట్ట, వాటితోనే పని. ఇంట్లో తెలుగు మానేయాలా అని దాని భయం. థెరపిస్టేమో మానొద్దని, మీకు ఏ భాషలో నవ్వొస్తుందో ఆ భాషలోనే మాట్లాడమని చెప్పిందట.

మా చిన్నమ్మకు మాత్రం దిష్టి అని అనుమానం. టెక్సస్‌లో ఎవరు పెట్టారో చెప్పలేకపోతోంది.

20 సెప్టెంబర్

"నడిస్తే పింఛన్ బందైతదా మేడం?"

నెలకు 4,016. నలభై శాతం వైకల్యం ఉంటేనే. బాబు గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. సర్టిఫికెట్ మళ్ళీ చూస్తారు, శాతం తగ్గితే పింఛను ఆగొచ్చు. అబద్ధం చెప్పలేదు. ఆమె వాడి బూటు పట్టీ విప్పి మళ్ళీ బిగించింది. వాడి మందులు, వాడి గుడ్డు, వాడి అక్క బడి ఫీజు ఆ డబ్బుతోనే.

"ఇంకెన్ని దినాలు రావాలె?" అంది. ఆరు నెలలన్నా. తల ఊపింది.

4 అక్టోబర్

బతుకమ్మ. తల్లులెవరూ రారు. నేనే వెళ్ళా. నీలం గౌను పాప గునుగు కాడలు సమంగా పేర్చి కట్టలు కట్టే పనిలో ఉంది. ఎడమచేత్తో పట్టు, కుడిచేత్తో దారం. ఇవాళ ఎక్సర్‌సైజ్ వద్దని చెప్పి నేనూ కూర్చున్నా.

11 నవంబర్

ఆయిక్కుడి గురించి చదువుతున్నా. తమిళనాడు తెన్‌కాశి దగ్గర ఊరు. అమర్ సేవా సంగం అక్కడిదే. ఎస్. రామకృష్ణన్ 1981లో మొదలుపెట్టారు. నౌకాదళంలో అధికారి కావడానికి పరీక్షలకు వెళ్ళి, పడి, వెన్నెముక దెబ్బతిని మెడ కింద నుంచి కదలిక పోయిన మనిషి. 2020లో పద్మశ్రీ. అక్కడ ఊళ్ళోని ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇళ్ళకు పంపుతారు. చేతిలో ఫోన్, అందులో యాప్. నిపుణులు దూరం నుంచి చూస్తూ సలహా చెబుతుంటారు. నిపుణులు లేరని కూర్చోలేదు. ఉన్న నలుగుర్నీ నాలుగొందల ఇళ్ళకు అందేలా ఎట్లా సర్దాలా అని ఆలోచించారు.

ప్రతిపాదన రెండో పేజీకి ఇదంతా చేర్చా. ఒక్క పేజీ నియమం ఇక వదిలేశా.

28 నవంబర్

దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ ఢిల్లీలో విడుదలై ఇవాళ్టికి ఏడాది. బిడ్డను గుర్తించడం, అంగన్‌వాడీలోనే అందరితో కలుపుకోవడం, కావాలంటే పైకి పంపడం. మంచి కాగితం. టీచరమ్మ చదివానంది. ఆమె రోజులో గుడ్లు లెక్కపెట్టాలి, బరువులు తూయాలి, ఫోన్లో ఫోటోలు ఎక్కించాలి, వంట చూడాలి. ఇవన్నీ అయ్యాక మూల కూర్చునే పాపకు ఎంత సమయం మిగులుతుంది?

ఆ పాపకు రెండు చెవుల్లో చీము. మందులు మొదలయ్యాయి. ఇప్పుడు అల్లరి చేస్తోంది.

3 డిసెంబర్

వికలాంగుల దినోత్సవం. పిల్లల్ని తొమ్మిదింటికి తెమ్మన్నారు. పెద్దలు పన్నెండున్నరకు వచ్చారు. కాళ్ళు బిగుసుకునే పిల్లల్ని మూడున్నర గంటలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టకూడదు. వచ్చే ఏడాది మా పిల్లల్ని పంపనని చెప్పా. చెప్పాల్సిన చోటే చెప్పా.

9 జనవరి 2025

పూణె నుంచి వీడియో. జూన్‌లో మెడ నిలపని పాప సిమెంటు బస్తా పట్టుకుని నిలబడింది. నాలుగు సెకన్లు. కాళ్ళకు చెప్పుల్లేవు. ఇటుక ముక్కలు. వాళ్ళమ్మ గొంతు మాత్రం వినబడుతోంది, "దా, దా, దా."

22 జనవరి

32 నెలల్లో వచ్చిన పిల్లాడికి ఇప్పుడు 39. పేరు పిలిస్తే మూడుసార్లలో రెండుసార్లు తిరుగుతాడు. వాళ్ళమ్మ ప్రతి పనిలోనూ ఆగి ఎదురుచూడటం నేర్చుకుంది. నీళ్ళ గ్లాసు ఇస్తూ ఆపుతుంది. వాడు చూస్తాడు. అప్పుడిస్తుంది. ఉయ్యాల ఊపుతూ ఆపుతుంది. వాడు చూస్తాడు. ఊపుతుంది. రోజంతా ఇదే.

ఇవాళ కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. వాడు పైకి చూశాడు. చెయ్యెత్తి వేలు చూపించాడు. ఫ్యానుకేసి. వెంటనే తిరిగి వాళ్ళమ్మ మొహం చూశాడు. నువ్వూ చూశావా అన్నట్టు.

ఏమీ అడగడానికి కాదు, ఊరికే చూపించడానికి. దీనికోసమే ఏడు నెలలు. ఆమెకు అర్థమైంది. "అవునురా, ఆగింది, ఫ్యాన్ ఆగింది" అంటూనే ఉంది. నానమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. వాడిని మళ్ళీ చూపించమంటోంది. కరెంటు వచ్చేదాకా అడుగుతూనే ఉంది.

10 ఫిబ్రవరి

జవాబు వచ్చింది. బండి లేదు. స్పీచ్ పోస్టు పరిశీలనలో ఉంది. భవనం సంగతి తర్వాత. ఒక మండలంలో, భవిత కేంద్రంలో, వారానికి రెండు రోజులు నేను కూర్చోవడానికి అనుమతి. సోమ, గురు.

మండలాలు చాలా ఉన్నాయి. ఒక్కదానికి వచ్చింది. బస్సులో వెళ్తా. ఆశాలకు కబురు పెట్టా, రెండేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళు ముందు చూడమని. బడి వయసు పిల్లల జాబితా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఒళ్ళో పిల్లల జాబితానే ఎవరి దగ్గరా ఉండదు.

10 మార్చి, సోమవారం

గది ఊడ్చాం. విరిగిన కుర్చీలు అవతల పెట్టించాం. వడ్రంగి చేసిన రెండో మూల కుర్చీ వచ్చింది, ఈసారి అడగకుండానే చక్రాలు పెట్టాడు. చక్రాలకు ఆపు పెట్టమని తిప్పి పంపాలి.

జాబితాలో ఉన్నవాళ్ళు వచ్చారు. జాబితాలో లేని ఒకావిడ వచ్చింది. పక్క వీధి. మనవరాలిని ఎత్తుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా. ఎనిమిది నెలలు, కూర్చోదు, ఎడమచెయ్యి ఎప్పుడూ గుప్పిట. ఇక్కడ ఎవరో చూస్తున్నారంటే వచ్చానంది. పిల్ల తల్లి మిల్లు పనికి పోతుంది.

గుప్పిట ఎట్లా విప్పాలో చూపించా. లాగకూడదు. మణికట్టు వంచి, చిటికెనవేలి వైపు నుంచి నిమరాలి. తెరుచుకుంది. ఆవిడ చేసింది. తెరుచుకుంది.

గురువారం పదకొండింటికి రమ్మన్నా. ఆ వేళకు పడుకుంటదంట. అయితే తొమ్మిదిన్నర.